ఇరవై మూడో క్యాసెట్ రెండో పక్క

దెయ్యాల వార్తలు ఆపేయడం ఇరవై ఏళ్లకు పైగా నా ఉద్యోగంలో భాగం. బెంగళూరులో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేశాను. సరిహద్దు మండలాల కంట్రిబ్యూటర్లు పంపే వార్తల్లో నెలకొకటైనా అలాంటిది ఉండేది. ఫలానా ఇంటి మీద రాళ్లు పడుతున్నాయనో, ఫలానా బావిలో ఏడుపు వినిపిస్తోందనో రాసేవాళ్లు. నేను ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగేవాణ్ని. రాయి పడటం నువ్వు చూశావా? అది ఏ వైపు నుంచి వచ్చింది? అంతటితో ఆ వార్త ఆగిపోయేది. ఒకసారి నేనే వెళ్లాను. ఆ ఇంటి అల్లుడే మిద్దె మీద కూర్చుని విసురుతున్నాడు.

నేను దెయ్యాలను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇది రాస్తున్న ఈ రోజూ నమ్మడం లేదు. అయినా నా కళ్ల ముందు జరిగినదాన్ని జరిగినట్టు రాసిపెట్టడం అవసరమనిపించింది. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

పత్రిక నుంచి కాస్త ముందుగానే విరమించుకుని, రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు నగరంలోనే ఒక చిన్న సంస్థలో చేరాను. లైబ్రరీల్లో, కాలేజీల్లో, చిన్న మ్యూజియంలలో పనిచేసేవాళ్లకు అక్కడ ఆరు వారాల శిక్షణ ఇచ్చేవాళ్లు. పాత ఫొటోలు, టేపులు, కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించడం ఎలా, ఎక్కించినవి ఏళ్ల తరబడి చెడిపోకుండా చూడటం ఎలా, రేపు ఎవరైనా వెతికితే దొరికేలా వాటి వివరం రాయడం ఎలా అన్నది పాఠం. మొదటి రెండు నేర్పడానికి ఇంజనీర్లు ఉన్నారు. మూడోది నా వంతు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి. కొత్త విలేకరికి నేర్పేదే లైబ్రేరియన్లకూ నేర్పేవాణ్ని.

జరిగింది అర్థం కావడానికి ఆ శిక్షణలోని మూడు పద్ధతులు ముందే చెప్పాలి.

క్యాసెట్ చేతికి రాగానే దాని అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరగ్గొట్టాలి. అవి లేకపోతే ఆ క్యాసెట్ మీద మళ్లీ ఏదీ రికార్డు కాదు. పొరపాటున వేలు ఎర్ర బటన్ మీద పడ్డా ప్రమాదం ఉండదు.

టేపును కంప్యూటర్లోకి ఎక్కించిన వెంటనే ఆ ఫైలుకు చెక్‌సమ్ తీయాలి. అది అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక పొడవాటి వరస. ఫైల్లో చీమ తలకాయంత మార్పు వచ్చినా ఆ వరస మొత్తం మారిపోతుంది. మేము దాన్ని వేలిముద్ర అనేవాళ్లం. ఆ వేలిముద్రను అదే రోజు రిజిస్టర్లో రాసి సంతకం చేయాలి.

మూడోది నేను పెట్టిన పద్ధతి. ప్రతి టేపునూ ఇద్దరు విడివిడిగా విని విడివిడిగా వివరపత్రం రాయాలి. మొదటివారి పత్రం రెండోవారికి చూపించకూడదు. అది నా సొరుగులో తాళం వేసి ఉంటుంది. రెండూ వచ్చాక నేను టేపు విని, రెంటినీ సరిపోల్చి సంతకం పెడతాను.

ఆ విడత శిక్షణకు వచ్చినవాళ్లలో ఇద్దరి గురించే ఇక్కడ చెప్పాలి. లక్ష్మీదేవి హిందూపురం వైపు ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్. నలభై ఏళ్లుంటాయి. తక్కువ మాట్లాడేది. గంగాధర్ కోలారు దగ్గరి తెలుగు కుటుంబం మనిషి. చదువంతా కన్నడంలో, ఇంట్లో తెలుగు. ఎక్కువ మాట్లాడేవాడు.

అభ్యాసం కోసం వాళ్లకు ఒక అట్టపెట్టె ఇచ్చాం. అందులో నలభై చిల్లర క్యాసెట్లు. బెంగళూరు శివారు కాడుగోడిలో, రైల్వే స్టేషన్ దగ్గర రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే నారాయణస్వామి అనే ఆయన అంగడిలోవి. ఆయన పోయాక అంగడి ఖాళీ చేస్తూ కూతురు శైలజ మాకు ఇచ్చింది.

అవి పాటల క్యాసెట్లు కావు, ఉత్తరాలు. తొంభైల మధ్యలో ఆ పక్కనే వైట్‌ఫీల్డ్ చుట్టూ పెద్ద పెద్ద భవనాలు లేస్తున్నప్పుడు అనంతపురం నుంచి, పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్లు చాలామంది ఉండేవారు. రాయడం రాదు. వాళ్ల ఊళ్లలో అప్పటికి ఫోన్లు లేవు. నారాయణస్వామి అంగడి వెనక గదిలో కూర్చోబెట్టి వాళ్ల మాటలు క్యాసెట్లోకి ఎక్కించేవాడు. ఊరికి ఎవరు పోతుంటే వాళ్ల చేతికి ఇచ్చి పంపేవారు. అందులో ఒక కట్టుబాటు ఉండేది. మొదటి పక్క పంపేవాళ్లది. రెండో పక్క ఖాళీగా వదలాలి. అది జవాబుకు. ఊళ్లో ఎవరింట్లోనైనా టేపురికార్డరు ఉంటే అక్కడ జవాబు చెప్పి అదే క్యాసెట్ తిప్పి పంపేవారు.

మాకు వచ్చిన పెట్టెలోవి పోనివి. ఊరికి పోతానన్న మనిషి రాకపోవడమో, మర్చిపోవడమో జరిగి అంగడిలోనే మిగిలినవి. వెళ్లి తిరిగి వచ్చినవాటిని వాటి వాళ్లే తీసుకుపోయేవారని శైలజ చెప్పింది. ఒక్కోదానికి రబ్బరు బ్యాండుతో ఊరి పేరు, మనిషి పేరు ఉన్న చీటీ అలాగే ఉంది. ఆయన వేసిన నంబర్లనే మేమూ ఉంచాం.

ఇరవై మూడో నంబరు క్యాసెట్ ఆదెప్ప అనే తాపీ మేస్త్రీది. కదిరి అవతల ఒక పల్లెలో ఉన్న భార్య అక్కులమ్మకు చెప్పిన మాటలు. మొత్తం ఆరేడు నిమిషాలు. ముఖ్యమైన భాగం ఇది.

“అక్కులూ, నేనే మాట్లాడేది. ఈడ కాడుగోడి కాడ పని దొరికింది. ఆ పొద్దు మీ అన్న ముందర నీ మీద చెయ్యి చేసుకున్నా. తప్పే. మొగం చూపియ్యొద్దంటివి, చూపియ్యలేదు. కడుపుతో ఉండావని మొన్న మనూరోడు చెప్పె. ఈ టేపు రెండో పక్క నీకని పెట్టినా. రమ్మంటే వస్తా. వద్దంటే వద్దని చెప్పు. ఉగాది దాకా చూస్తా. ఏమీ రాకపోతే వద్దనే అనుకుంటా.”

ఈ క్యాసెట్ అంగడి దాటలేదు. అంటే ఆమెకు ఈ మాట చేరలేదు, ఆయనకు జవాబు చేరలేదు. లక్ష్మీదేవి ఆ టేపు విన్న రోజు మధ్యాహ్నం భోజనానికి రాలేదు.

రెండు పత్రాలూ నా బల్ల మీదికి వచ్చాయి. మొదటి పక్క గురించి రెండూ ఒకటే చెప్పాయి. రెండో పక్క గురించి లక్ష్మీదేవి ఇలా రాసింది. “ఆడమనిషి గొంతు. పేరు చెప్పలేదు. మాటలు: అంతా విన్నా. నువ్వు కొట్టింది నేను మర్చిపోలే. మర్చిపోతానని చెప్పను. అయినా రా. పాపది నీ మాదిరే పుర్రచెయ్యి. పొద్దుటి బండికే రా, మసక పడినాక వంక దాటి రావద్దు. తర్వాత దగ్గు, గాజుల శబ్దం. మిగతాదంతా ఖాళీ.” పుర్రచెయ్యి అంటే ఎడమచేతి వాటం, వంక అంటే వాగు. పక్కన చిన్న అక్షరాలతో, బిడ్డ పుట్టాక చెప్పిన మాటలై ఉండాలి అని కూడా రాసింది.

గంగాధర్ పత్రంలో అవే మాటలు. “మర్చిపోతానని చెప్పను” అన్న ఒక్క వాక్యం లేదు. దగ్గు ఉంది, గాజులు ఉన్నాయి. లక్ష్మీదేవి పత్రం ఇచ్చి రెండు రోజుల సెలవు మీద ఊరికి వెళ్లాక అతను ఆ టేపు విన్నాడు. ఆమె పత్రం నా సొరుగులో ఉంది, తాళంచెవి నా జేబులో ఉంది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఆ రోజు నేను టేపు వినలేదు. రెండు పత్రాలూ అంత బాగా కలిశాక మళ్లీ వినడం దేనికి అనిపించింది. డెస్కులో ఇద్దరు చూసిన పేజీని మూడోవాడు నమ్మకం మీద వదిలేస్తాడు. అంగడి దాటని క్యాసెట్‌లో జవాబు ఎలా ఉంటుందని కూడా ఆలోచించకుండా, ఆ అలవాటుతోనే తేదీ వేసి సంతకం పెట్టాను. నేనే పెట్టిన పద్ధతిని నేనే తప్పాను. ఆ రోజు విని ఉంటే ఈ కథలో సగం అనుమానాలు నాకు ఉండేవి కావు.

నాలుగో వారంలో తనిఖీ. ఒక జట్టు చేసిన పనిని ఇంకో జట్టు పరీక్షిస్తుంది. డిస్కులో చోటు తక్కువగా ఉండే రోజులు కనుక ఖాళీ పక్కలను గుర్తించి తీసేయడం కూడా అందులో భాగం. సాయంత్రం ఆ జట్టు మనిషి వచ్చి, ఇరవై మూడు రెండో పక్క ఖాళీ సార్, పత్రంలో మాత్రం ఆడగొంతు అని ఉంది అన్నాడు.

వెళ్లి విన్నాను. అరగంట పూర్తిగా విన్నాను. టేపు తిరిగే సన్నని రొద తప్ప ఏమీ లేదు.

రిజిస్టరు తీశాం. మొదటి రోజు రాసిన వేలిముద్ర, ఇప్పుడు తీసిన వేలిముద్ర ఒక్కో అక్షరం సరిపోల్చి చూశాం. ఒకటే. ఫైలు మారలేదు. అసలు క్యాసెట్ బయటికి తీసి డెక్కులో పెట్టి విన్నాం. అదే రొద. అంచున ప్లాస్టిక్ ముక్కలు మొదటి రోజే విరగ్గొట్టాం కాబట్టి ఎవరైనా దాని మీద చెరిపి ఉంటారనీ అనలేం. వేరే క్యాసెట్‌తో కలగలిసిందేమోనని పెట్టెలో ఉన్నవన్నీ శిక్షణకు వచ్చినవాళ్లందరికీ పంచి రెండు పక్కలా వినిపించాను. రెండు రోజులు పట్టింది. ఆ ఆడగొంతు ఎందులోనూ లేదు.

ఇద్దరినీ నా గదిలోకి పిలిచాను. కూడబలుక్కుని రాశారని నాకు అప్పుడు గట్టి నమ్మకం. విననిది విన్నట్టు రాస్తే ఈ వృత్తిలో ఉండటానికి వీల్లేదని, సర్టిఫికెట్ ఇవ్వనని చెప్పాను. నా గొంతు కాస్త పెరిగింది.

గంగాధర్ ముందు మాట్లాడాడు. “సుమ్నే, ఊరికే రాస్తానా సార్ నేను? మా ఇంట్లో ఆమె ఎదురుగా నిలబడి చెప్పిందే సరిగ్గా వినను. టేపులో లేని ఆడమనిషిని కల్పించుకుని వినేంత ఓపిక నాకు యాడుండాది?”

లక్ష్మీదేవి నవ్వలేదు. “నేను విన్నా సార్. విన్నది రాయమని మీరే చెప్పినారు. లేదని ఇప్పుడు చెప్పమంటే అది కూడా విననిది రాసినట్టే అవుతాది.”

ఆ మాట విన్నాక సర్టిఫికెట్ల సంగతి పక్కన పెట్టాను.

సంస్థకు ఒక నియమం ఉంది. సొంత ఉత్తరాలను, చెప్పినవాళ్లదో చేరాల్సినవాళ్లదో అనుమతి లేకుండా బయట ఎవరికీ వినిపించకూడదు. అందుకని వీలైనంతమందిని వెతికి పట్టుకునే పని శిక్షణలోనే ఉండేది. ఇరవై మూడో క్యాసెట్ చీటీ మీది ఊరిని లక్ష్మీదేవి తీసుకుంది. ఆ ఊరి బడి పంతులుకు ఫోన్ చేసింది. అక్కులమ్మ బతికే ఉంది. భర్త ఆమెను వదిలేసి వెళ్లి పదేళ్లయిందని, ఆమె నాలుగేళ్ల కిందట కూతుర్ని తీసుకుని బెంగళూరు వచ్చి సర్జాపుర రోడ్డులో అపార్టుమెంటు పనికి పోతోందని ఆయన చెప్పాడు.

ఆమెకు వారపు సెలవు రోజున, మధ్యాహ్నం లక్ష్మీదేవి ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది. సన్నటి మనిషి. సిమెంటుకు పగిలిన చేతులు. కాళ్లకు మెట్టెలు ఉన్నాయి, నుదుట బొట్టు ఉంది. మా వినే గదిలో కుర్చీ చూపిస్తే ఒక అంచున కూర్చుంది. గదిలో ఆమె, మేము ముగ్గురం. ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. బయట కారిడార్లో ఎవరో ఫోన్ మాట్లాడుతున్నారు. భయపడటానికి ఏమీ లేని గది అది.

భర్త మాటలని ముందే చెప్పాం. మొదటి పక్క పెట్టాం. “అక్కులూ” అనగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరిదాకా అలాగే కదలకుండా వింది.

“ఇది నాకు రాలేదప్పా,” అంది. “మా ఊర్లో టేపుండేది ఒక్కరింట్లో. వాళ్లకూ మాకూ మాటల్లేవు. వచ్చుంటే వాళ్ల కాళ్లు పట్టుకునైనా వినేదాన్ని.”

తర్వాత, “నన్ను ఇష్టంలేక వదిలేసి పోయినాడని నా బిడ్డకు చెప్పి పెంచినా,” అంది. ఆమెను పదేళ్లుగా తినేస్తున్నది అదే. మనిషి చనిపోయాడా, తనను వద్దనుకుని వెళ్లాడా. ఈ టేపు వల్ల అది తేలలేదు. ఇంకొంచెం పెరిగింది. జవాబు రాలేదని నిజంగానే ఇంకెక్కడికో వెళ్లిపోయి ఉంటే, ఆమె వద్దన్నదని నమ్మే వెళ్లి ఉంటాడు.

“రెండో పక్క తిప్పప్పా,” అంది.

అందులో ఏమీ లేదమ్మా, ఖాళీ అన్నాను.

“ఖాళీ అని తెలుసు. నాకని పెట్టినాడు కదా. తిప్పు.”

గంగాధర్ క్యాసెట్ తిప్పి పెట్టాడు. రొద మొదలైంది. ఆమె స్పీకర్ వైపు కాస్త ముందుకు వంగింది. మాకు చెప్తున్నట్టు లేదు. గోడ అవతల ఉన్న మనిషికి చెప్తున్నట్టు, మామూలు గొంతుతో మాట్లాడింది.

“అంతా విన్నా. నువ్వు కొట్టింది నేను మర్చిపోలే. మర్చిపోతానని చెప్పను.” కొంగు సర్దుకుంది. “అయినా రా. పాపది నీ మాదిరే పుర్రచెయ్యి. పొద్దుటి బండికే రా, మసక పడినాక వంక దాటి రావద్దు.”

దగ్గొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మట్టి గాజులు ఒకదానికొకటి తగిలి చప్పుడైంది.

“అయిపోయింది. ఆపప్పా.”

నా ముందు ఫైలు తెరిచే ఉంది. అనుమతి పత్రం కోసం తెచ్చిన ఆ ఫైల్లో లక్ష్మీదేవి పత్రం పైనే ఉంది. అంతకు మూడు వారాల ముందు తేదీతో, నా సంతకంతో. ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చూశాను. గంగాధర్ వదిలేసిన వాక్యంతో సహా అన్నీ ఉన్నాయి. ఒక్కటీ ఎక్కువ లేదు. లక్ష్మీదేవి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. గంగాధర్ టేపు ఆపడం మర్చిపోయాడు. నేనే లేచి ఆపాను. గదిలో రికార్డు చేసే యంత్రం ఏదీ ఆన్ చేసి లేదు. అది కూడా చూశాను.

ఆమెకు ముందే ఎవరైనా చెప్పారా? లక్ష్మీదేవి దారిలో చెప్పి ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. చెప్పలేదంది. ఆమె అబద్ధం చెప్పిందనుకున్నా, మూడు వారాల ముందు ఆ పత్రం రాసిన రోజున అక్కులమ్మ ఎవరో, బతికుందో లేదో లక్ష్మీదేవికి తెలియదు. ఆమెకు కూతురుందని, ఆ పిల్లది ఎడమచేతి వాటమని అసలే తెలియదు.

అక్కులమ్మకు ఆ రోజు పత్రం సంగతి చెప్పనివ్వలేదు. అనుమతి కాగితం మీద వేలిముద్ర వేసి ఆమె బస్సెక్కింది.

నెల గడిచింది. శిక్షణ ముగిసింది, సర్టిఫికెట్లు ఇచ్చేశాం. ఆ తర్వాత శైలజ ఫోన్ చేసింది. అంగడి అటక మీద నాన్న నోటుబుక్కు ఒకటి దొరికింది, క్యాసెట్ల లెక్కలా ఉంది, కావాలా అని అడిగింది. తెప్పించాను. అంతా కన్నడంలో ఉంది. గంగాధర్‌ను కోలారు నుంచి రమ్మన్నాను. హిందూపురం నుంచి లక్ష్మీదేవి కూడా వచ్చింది.

ఒక్కో క్యాసెట్‌కు ఒక వరస. పంపిన రోజు ఒక గడిలో, జవాబు వచ్చిన రోజు ఇంకో గడిలో. మా పెట్టెలో ఉన్న నంబర్లకు రెండు గడులూ ఖాళీయే, ఒక్కదానికి తప్ప. గంగాధర్ చదివి తెలుగులో చెప్పాడు.

“ఇరవై మూడు, ఆదెప్ప. పంపింది అనే కాడ ఏమీ రాయలేదు సార్. జవాబు కాడ శుక్రవారం అని తేదీ ఉండాది.” అక్కడ ఆగాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. “ఆడమనిషి గొంతు. ఆదెప్పకు వినిపించినా. మళ్లీ పెట్టమన్నాడు, పెట్టినా. రేపు పొద్దుటి బండికి ఊరికి పోతా అన్నాడు.”

ఆ తేదీ పదేళ్ల కిందటిది. అప్పటికి ఆ ఏటి ఉగాదికి ఇంకా మూడు వారాలున్నాయి.

సిరా పాతది. కింద, పైన ఉన్న వరసల్లాగే ఉంది. తర్వాత దూర్చి రాసినట్టు లేదు. చేతిరాత తండ్రిదేనని శైలజ చెప్పింది. నేను పాత అలవాటు కొద్దీ మా పత్రిక ఆఫీసుకు వెళ్లి ఆ వారం సంపుటాలు తిరగేశాను. గుర్తు తెలియని శవం అనే చిన్న వార్తలు, రైలు పట్టాల దగ్గర, బస్సు ప్రమాదాల్లో. ఆదెప్ప అని చెప్పదగ్గది ఏదీ దొరకలేదు. పోలీసుల్లో తెలిసినవాళ్లను అడిగించాను. పదేళ్ల కిందటి కాగితాలు ఎవరి దగ్గరా లేవు.

ఆమెకు ఇది చెప్పాలా వద్దా అన్నది మా ముందు మిగిలిన ప్రశ్న. చెప్పొద్దన్నాను. బయల్దేరిన మనిషి చేరలేదంటే దాని అర్థం ఏమిటో ఆమెకూ తెలుస్తుంది. చేతిలో రుజువు లేకుండా ఒక మనిషికి భర్త చావు కబురు చెప్పినట్టవుతుంది.

లక్ష్మీదేవి ఒప్పుకోలేదు. “తనను వద్దనుకున్నాడని పదేండ్లుగా మోస్తా ఉంది సార్ ఆమె. ఈ బుక్కులో ఉండే మాట మనదా, ఆమెదా?”

ముగ్గురం సర్జాపుర రోడ్డుకు వెళ్లాం. ఐదో అంతస్తు దాకా లేచిన కట్టడం. పక్కన రేకుల షెడ్ల వరస. ఎండ ఇంకా ఉంది. పని దిగి అప్పుడే కాళ్లు కడుక్కుంటోంది అక్కులమ్మ. గడప దగ్గర తొమ్మిది, పదేళ్ల పిల్ల లెక్కలు చేసుకుంటోంది. ఎడమచేత్తోనే.

గంగాధర్ నోటుబుక్కు తెరిచి చదివాడు. ఒక్క ముక్క కూడా కలపలేదు. ఆమె తలొంచుకుని వింది.

“మళ్లీ పెట్టమన్నాడా?” అని అడిగింది.

“అవునమ్మా. రెండుసార్లు విన్నాడు.”

“పొద్దుటి బండికే పోతానన్నాడా?”

“అట్లే రాసుండాది.”

ఆమె తల ఆడించింది. మేము ఏ ప్రశ్నకు భయపడుతూ వచ్చామో అది ఆమె అడగలేదు. నేనే అడిగాను. ఆ జవాబు నువ్వు చెప్పింది మొన్న కదమ్మా, ఆయన విన్నది పదేళ్ల కింద, ఎట్లా అని.

నా వైపు కొంచెం వింతగా చూసింది. “చెప్పినా కదప్పా, మీ ముందరే. విన్నాడు.” ఆమెకు అందులో అడగాల్సిందేమీ కనపడలేదు.

వాకిట్లో ఒక ఇటుక మీద కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది, శబ్దం లేకుండా. ఆ మనిషి లేడని ఆమెకు తెలిసిపోయిందని మాకు అర్థమైంది. లక్ష్మీదేవి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత ఆమె ముఖం తుడుచుకుని కూతుర్ని దగ్గరికి పిలిచింది.

“మీ నాయన మనల్ని వదిలేసి పోలేదంట పాపా. ఇంటికే వస్తా ఉండినాడంట.”

ఆ పిల్ల తల్లినీ మమ్మల్నీ మార్చి మార్చి చూసింది. పెన్సిల్ పుస్తకంలో పెట్టి వచ్చి తల్లి ఒళ్లో కూర్చుంది.

దీనికి నేను ఆలోచించగలిగిన వివరణలన్నీ ఆలోచించాను. నారాయణస్వామి ఎవరో ఆడమనిషి చేత జవాబు చెప్పించి ఆదెప్పను ఊరికి పంపాడని ఒకటి. అలాగైతే ఆ గొంతు టేపులో ఉండాలి. లేదు. ఆయన దాన్ని చెరిపేశాడనుకుందాం. అలాగైతే మా ఇద్దరు వినకూడదు. విన్నారు. వాళ్లు కల్పించారనుకుందాం. అలాగైతే అక్కులమ్మ ఆ మాటలే అనకూడదు. ఏ దారిన వెళ్లినా కొంత దూరం పోయాక ముందుకు కదలదు.

గంగాధర్ ఇప్పుడు కోలారులో చిన్న మ్యూజియం చూసుకుంటున్నాడు. లక్ష్మీదేవి కాలేజీలోనే ఉంది. దీని గురించి మేము పెద్దగా మాట్లాడుకోం.

క్యాసెట్‌కు చివరి వివరం రాయాల్సింది నేనే. రెండో పక్క ఖాళీ అని తీసేయమన్న మాట కొట్టేశాను. అరగంట రొదను అలాగే ఉంచాం. మాట్లాడినవారు అన్నచోట అక్కులమ్మ అని రాశాను. విన్నవారు అన్నచోట ఆదెప్ప, నారాయణస్వామి, లక్ష్మీదేవి, గంగాధర్ అని రాశాను. దాని కింద రికార్డు చేసిన తేదీ అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకూడదని పన్నెండు విడతల వాళ్లకు నేర్పినవాణ్ని. ఆ గడి ముందు రెండు మూడుసార్లు కూర్చున్నాను. ఏం రాయాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. అది అలాగే ఉంది.